ఆదివారం పాటల గురించి

బ్రదర్స్, సిస్టర్స్ అందరికీ నమస్కారం. మొన్న మన యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, రొట్టె, నీళ్లు పంచుకునే ఆదివారపు సంస్కార సమావేశంలో నేను పాట పాడిస్తున్నప్పుడు జరిగింది మీతో చెప్పుకోవాలని రాస్తున్నాను. సంస్కారపు పాట చివరి చరణం అయిపోయింది, బల్ల దగ్గర కుర్రాళ్లు ఇంకా రొట్టె విరుస్తూనే ఉన్నారు. చెయ్యి దించాలా, మళ్లీ పాడించాలా అని నాకు ఒకటే టెన్షన్. పియానో దగ్గరున్న సిస్టర్ మాత్రం ఆగకుండా అదే రాగం మెల్లగా వాయిస్తూ ఉండిపోయారు. ఆ నిమిషంలో రొట్టె తుంచే చప్పుడు కూడా వినిపించింది. పసిపిల్లలు సైతం ఊరుకున్నారు. నాకైతే కళ్లు చెమర్చాయి.

మన వార్డులో, అంటే మన స్థానిక సంఘంలో, జీతం తీసుకునే పాస్టరూ లేరు, గాయకులూ లేరు. ప్రసంగించేదీ, పాడించేదీ, వాయించేదీ మనమే. కాబట్టి శ్రుతి తప్పుతుందేమోనని పెదవులు మాత్రమే కదపకండి, గొంతెత్తి పాడండి. 1830లో మన సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా స్మిత్‌ను పాటలు ఏర్చి కూర్చమన్న దైవప్రకటనలోనే, నీతిమంతుల పాట దేవునికి ప్రార్థన అని ఉంది. ఆవిడ కూర్చిన తొలి సంపుటిలో 90 పాటలు, అన్నీ మాటలే, స్వరాలు లేవు. తెలిసిన రాగాల్లోనే అందరూ కలిసి పాడుకున్నారు.

వచ్చేది ఉపవాస ఆదివారం. సభ్యులు తమ విశ్వాసం గురించి చెప్పే సాక్ష్యాలకు సమయం కావాలి కనుక మధ్యలో పాట పెట్టలేదు. ముగింపుకు మాత్రం, 2024 నుంచి విడతలుగా వస్తున్న కొత్త పాటల్లో ఒకటి తీసుకున్నాం. మన సంఘం యాప్‌లో రెండుసార్లు విని రండి. పది నిమిషాలు ముందొచ్చిన వాళ్లతో ఒకసారి పాడి చూస్తాను.