ఒంటరిగా పరుగెత్తే నేస్తానికి, చేతిలో ఉండాల్సిన వాటి గురించి

విజయనగరం,
ఆదివారం.

ప్రియ నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. విశాఖ నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకు పేరు ఇవ్వాలని నువ్వు నిశ్చయించుకోవడం, తోడు వచ్చేవాళ్లు లేకపోయినా తెల్లవారుజామున ఐదింటికే రోడ్డెక్కుతుండడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆడవాళ్ల రక్షణ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న వస్తువుల్లో ఏది కొనాలో, ఏది అనవసరమో చెప్పమని అడిగావు. బడిలో పిల్లల చేత ఆటలాడించే ఉద్యోగం నాది, పైగా నేనూ అయోధ్యా మైదానం దగ్గరా పెద్ద చెరువు గట్టు మీదా ఒంటరిగా పరుగెత్తే మనిషిని. అందుకని నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఏ వస్తువైనా కొనే ముందు నేను చూసేది ఒక్కటే. ఆయాసంతో రొప్పుతూ, చెమటతో వేళ్లు జారుతూ ఉండగా, చీకట్లో, కంటితో చూసుకోకుండా, ఒంటి చేత్తో దాన్ని పని చేయించగలనా లేదా అన్నది. అలా పని చేయించలేనిది ఎంత ఖరీదైనదైనా నాకు అక్కర్లేదు. నడుముకు కట్టుకున్న పౌచ్‌లో, జిప్పు వెనక, తాళాల కింద ఉన్న స్ప్రే డబ్బా ఇంట్లో వదిలేసి వచ్చినదానితో సమానం, ఎందుకంటే జిప్పు తీసేంత వ్యవధి ఆ సమయంలో ఎవరూ ఇవ్వరు.

ఆ లెక్కన చూస్తే మొదట కొనవలసింది అలారం. అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా, దానికొక పిన్ను, పిన్నుకు ఒక తాడు ఉంటాయి. తాడు లాగితే పిన్ను ఊడి చెవులు చిల్లులు పడే కూత మొదలవుతుంది, పిన్ను మళ్లీ గుచ్చితే గాని ఆగదు. బటను నొక్కితే మోగే రకాలూ ఉన్నాయి కానీ వాటిని నేను కొనమనను. నువ్వు నొక్కి మోగించిన బటనును ఎదుటివాడు నొక్కి ఆపగలడు. పిన్ను రకమైతే పిన్ను నీ మణికట్టుకే ఉండిపోతుంది కాబట్టి, మోగుతున్న డబ్బాను పక్క పొదల్లోకో గోడ అవతలికో విసిరేసి నువ్వు వెనక్కి పరుగెత్తవచ్చు.

పిన్ను ఎంత బిగువుగా ఉందన్నది కూడా చూడాలి. మా బడికి తెప్పించిన రెండు రకాల అలారాలను తొమ్మిదో తరగతి ఆడపిల్లల చేతికిచ్చి, మైదానం చుట్టూ పరుగెత్తి వచ్చిన వెంటనే లాగమన్నాను. ఒకదాని పిన్నును చాలామంది పిల్లలు రెండు వేళ్లతో లాగలేకపోయారు, డబ్బాను పొట్టకు ఆనించి రెండు చేతులతో పీకితే గాని రాలేదు. రెండోది సులువుగా వచ్చింది, అయినా పరుగు అదురుకు దానంతట అది ఊడలేదు. మనకు కావలసింది ఆ రెండో రకం. కొన్న రోజే ఇంట్లో ఒకసారి లాగి చూడు, అయితే చెవి దగ్గర పెట్టుకుని మాత్రం లాగవద్దు. కొన్నిటిలో బ్యాటరీ అరిగిపోకుండా మధ్యలో ఒక పలుచని ప్లాస్టిక్ ముక్క పెట్టి పంపుతారు, అది తీసేయకపోతే అసలు మోగదు. వాచీలకు వాడే బటన్ బ్యాటరీలు వేసే రకమైతే నెలకొకసారి మోగించి చూడాలి, మన తీరప్రాంతపు ఉక్కపోతకూ చెమటకూ లోపలి రేకులు చిలుం పడతాయి.

పెట్టె మీద 130 డెసిబెల్స్ అనీ 140 అనీ రాసి ఉన్నా ఆ అంకెను చూసి మోసపోకు. ఎంత దూరంలో కొలిచారో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది, అంటే ఒక మీటరు దగ్గర 120 ఉన్న కూత నూరు మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 80 అవుతుంది. ఇళ్లున్న చోట అది చాలు, తలుపులు తెరుచుకుంటాయి. కానీ మీ శ్రీకాకుళంలో నాగావళి గట్టు మీద, చుట్టూ ఇసుకా తుప్పలూ తప్ప మనిషి లేని చోట, ఆ కూత ఎదుటివాణ్ని ఒక్క క్షణం ఉలిక్కిపడేలా చేయగలదే తప్ప సాయానికి ఎవరినీ పిలవలేదు. అందుకే తెల్లారేదాకా 80 అడుగుల రోడ్డు మీదనే పరుగెత్తమనీ, వెలుగు వచ్చాక గట్టు మీదికి వెళ్లమనీ నిన్ను గట్టిగా అడుగుతున్నాను. జనవరిలో మన వైపు సూర్యోదయం దాదాపు ఆరున్నరకు గాని కాదు, జూన్‌లో ఐదుంబావు దాటగానే వెలుగే, కాబట్టి ఈ ఏర్పాటు ఋతువును బట్టి మారుతుంది. ఆదివారాలు అరసవల్లి రోడ్డు మీద చీకటితోనే భక్తుల రాకపోకలు ఉంటాయి కనుక, దూరం ఎక్కువ పరుగెత్తాలనుకున్న రోజున ఆ దారి నయం.

ఈల సంగతి క్లుప్తంగా చెబుతాను. లోపల గోళీ ఉన్న ఈల ఉమ్మి పడితే, తడిస్తే పట్టేస్తుంది. ఆ బాధ పడలేకనే కెనడా బాస్కెట్‌బాల్ రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ గోళీ లేని ఈలను తయారుచేయించి 1987లో ఫాక్స్ 40 పేరుతో మార్కెట్లోకి తెచ్చాడు. మా ఆటల పోటీల్లో ఊదేది ఆ రకమే. చవకైనది, బ్యాటరీ అక్కర్లేనిది, మెడలో వేసుకో. కానీ ఊపిరి అందనప్పుడు ఈల ఊదడం కష్టం కాబట్టి అది అలారానికి తోడే గాని దానికి బదులు కాదు.

పెప్పర్ స్ప్రే గురించి నువ్వు భయపడుతూ రాశావు. ఆత్మరక్షణకు దాన్ని దగ్గర ఉంచుకోవడానికి మన దేశంలో లైసెన్సు అవసరం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గురించినవే, అయితే కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకే బలం వాడాలని చట్టం చెబుతుంది. తిట్టినవాడి మీదా, వెక్కిరించినవాడి మీదా కొట్టే వస్తువు కాదది. దానిలో ఉండేది మిరప నుంచి తీసిన ఘాటైన సారం. కంట్లో పడితే రెప్పలు మూతపడతాయి, దగ్గు ఆగదు. చాలా డబ్బాలు రెండు మూడు మీటర్ల దూరమే కొడతాయి. మంచులా వెదజల్లే రకం ఎదురుగాలిలో నీ ముఖానికే తిరిగి వస్తుంది కాబట్టి, నదీ గాలీ సముద్రపు గాలీ వీచే మీ ఊళ్లో ధారగా కొట్టేది గాని జెల్ రకం గాని తీసుకో. మూత కింద బొటనవేలు దూర్చి నొక్కే రకమైతే తడుముకుని వాడవచ్చు. తిప్పి తాళం తీయాల్సిన రకమైతే దాన్ని తిప్పడం చేతికి అలవాటు కావాలి. పెరట్లో గాలికి వీపు పెట్టి నిలబడి గోడ మీద ఒక్కసారి కొట్టి చూడు, ధార ఎంత దూరం పోతుందో కంటితో చూస్తే గాని ధైర్యం రాదు. అడుగున గడువు తేదీ చూసుకో, గడువు దాటితే లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో దాన్ని స్కూటీ డిక్కీలో వదిలేయవద్దు. పాపకు అందని చోట పెట్టు, ఇది మరీ మరీ చెబుతున్నాను.

పరుగులో ఆ డబ్బాను ఎక్కడ పెట్టుకోవాలంటే, అరచేతికి తొడుక్కునే పట్టీతో వచ్చే రకం దొరికితే అదే మేలు. దొరకకపోతే ఎలాస్టిక్ పట్టీతో చేతికి కట్టుకోవచ్చు. కుడిచేతివాటం కదా నీది, కుడిచేతిలో స్ప్రే, ఎడమ మణికట్టుకు అలారం పిన్ను ఉండనీ.

ఇక ఫోను. చెమట పట్టిన వేళ్లకు ఫోను అద్దం సరిగ్గా పలకదు, ఆ సంగతి నీకూ అనుభవమే అయి ఉంటుంది. అందుకని యాప్ తెరిచి నొక్కుదాంలే అనుకోవద్దు. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో అత్యవసర బటను ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. స్మార్ట్‌ఫోనులో పవర్ బటనును వెంటవెంటనే మూడుసార్లు, కొన్నిటిలో ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళుతుంది. నీ ఫోనుకు ఏది వర్తిస్తుందో సెట్టింగ్స్‌లో ఈరోజే చూసుకో. 112 పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక సేవలకు ఒకటే నంబరు, 181 మహిళల హెల్ప్‌లైన్. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన శక్తి యాప్‌ను కూడా ఎక్కించుకుని వివరాలన్నీ ముందే నింపి ఉంచు. బయల్దేరే ముందు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను ఒక గంటకు పెట్టి అన్నయ్యగారికి పంపు. పదిహేను నిమిషాలది చాలదు, ఎనిమిది గంటలది అనవసరం. ఆయన నిద్రలో ఉంటే ఎంత లొకేషన్ పంపినా ప్రయోజనం లేదు కాబట్టి, నువ్వు తిరిగి రావలసిన వేళకు ఆయన ఫోనులో అలారం పెట్టించు. నువ్వు ఇంట్లో అడుగు పెట్టకముందే అది మోగితే ఆయన వెంటనే ఫోను చేయాలి.

పరుగు లెక్కలు రాసే యాప్‌లలో నీ ఇంటి గుమ్మం నుంచి మొదలైన దారి అందరికీ కనబడుతుంది, రోజూ ఒకే వేళకు బయల్దేరితే ఆ వేళ కూడా తెలిసిపోతుంది. స్ట్రావా వాడుతున్నానన్నావు కదా, దానిలో మొదలూ చివరా దాచే ఏర్పాటు ఉంది. అది పెట్టుకుని, నీ పరుగులు నీకు తెలిసిన వాళ్లకే కనిపించేలా మార్చు.

మగవాళ్ల భయం గురించే అందరూ మాట్లాడతారు గాని, చీకట్లో పరుగెత్తే మనిషికి రోజూ ఎదురయ్యేది బండి. ఇసుక ట్రాక్టర్లూ పాల వ్యాన్లూ తిరిగే వేళ అది. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి నువ్వు రోడ్డుకు కుడివైపున, వచ్చే బండికి ఎదురుగా పరుగెత్తు. దానివల్ల ఇంకొక మేలు కూడా ఉంది: మెడలో గొలుసు తెంపుకుపోయేవాళ్లు సాధారణంగా బైకు మీద వెనకనుంచే వస్తారు, ఎదురుగా వచ్చేవాణ్ని నువ్వు ముందే చూడగలవు. పుస్తెలతాడు తీయడం మీ అత్తయ్యగారికి మనస్కరించదని నాకు తెలుసు, ఆ మాట ఆవిడతో ఎత్తవద్దు. మెడ దాకా మూసి ఉండే టీషర్టు లోపల వేసుకుంటే సరిపోతుంది. చున్నీ మాత్రం వద్దు, ఎవరైనా పట్టి లాగడానికి అంతకన్నా వీలైనది మరొకటి లేదు. పైన ఏదో ఒకటి ఉండాలని ఇంట్లో అంటే, రోడ్డు పనివాళ్లు వేసుకునే రిఫ్లెక్టర్ కోటు వేసుకో, ఒళ్లూ కప్పుతుంది, డ్రైవర్లకూ కనబడుతుంది.

నిమ్మపండు రంగులో మెరిసే బట్ట పగటి వెలుగులోనే మెరుస్తుంది, చీకట్లో అది పనిచేయదు. చీకట్లో కావలసింది హెడ్‌లైటు వెలుగును తిరిగి డ్రైవరు కంటికే పంపే వెండి రంగు పట్టీలు. అవి ఛాతీ మీద మాత్రమే ఉంటే దూరం నుంచి చూసేవాడికి అదేదో బోర్డు అనిపించవచ్చు. చీలమండలకూ మోకాళ్లకూ కట్టుకుంటే, ఆ కాళ్ల కదలికను బట్టి మనిషి అని అతను త్వరగా గుర్తుపడతాడు. ఒక జత పట్టీలు అలారం కన్నా చవక, అవి కొనకుండా బయటికి వెళ్లకు. తలకు కట్టుకునే చిన్న లైటు కూడా ఉంటే గోతులూ పాములూ కనిపిస్తాయి.

కుక్కలు తరిమితే పరుగు ఆపేసి, కళ్లలోకి చూడకుండా, పక్కకు తిరిగి మెల్లగా నడుస్తూ పోవాలి. పరుగెత్తే కొద్దీ అవి ఇంకా వెంటపడతాయి. మీదికి దూకితేనే స్ప్రే వాడు. పొరపాటున కరిస్తే పదిహేను నిమిషాల పాటు సబ్బూ ధారనీళ్లతో కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టు, పసుపూ సున్నమూ పెట్టనివ్వకు. ఇయర్‌ఫోన్ల విషయానికి వస్తే, తెల్లారేదాకా రెండు చెవులూ తెరిచే ఉంచు. పాట లేకుండా కాలు కదలదంటే, చెవి రంధ్రం మూయకుండా చెంప ఎముక మీద ఆనే రకం తీసుకో, అదీ వెలుగు వచ్చాకే.

నువ్వు పంపిన ఫొటోలలో ఉన్న, వేళ్లకు తొడుక్కుని పొడిచే పిల్లి చెవుల కీచైనూ, మడత కత్తీ, కరెంటు షాకిచ్చే టార్చీ కొనవద్దు. మూడింటికీ ఎదుటివాడు చేతికందేంత దగ్గరికి రావాలి, అంత దగ్గరికి వచ్చినవాడు వాటిని లాక్కుని నీ మీదనే వాడగలడు. అలారం, స్ప్రే, లైటు దూరాన్ని పెంచేవి, నువ్వు పారిపోవడానికి వీలు కల్పించేవి. అక్కడ నిలబడి గెలవడం మన పని కాదు, ఇంటికి చేరడమే మన పని.

"ఇన్ని కట్టుకుని వెళ్లే బదులు మానేయరాదా" అని మీ ఇంట్లో అన్నారని రాశావు. ఆ మాట చదివి నాకు చాలా బాధ కలిగింది. ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. అలాంటి జిల్లాలో పొద్దున్నే గంటసేపు పరుగెత్తడానికి నువ్వు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అత్తయ్యగారికి ఆ అలారం చేతికిచ్చి ఒకసారి లాగమను, ఆవిడ సందేహం కొంతైనా తీరుతుంది.

డబ్బు ఒకేసారి కుదరకపోతే ముందు కాళ్ల పట్టీలు, అలారం తీసుకో, స్ప్రే వచ్చే నెలకు. వచ్చే ఆదివారం పాసింజరుకు ఇక్కడికి రా. సులువుగా లాగగలిగే ఆ రకం అలారం ఒకటి నీకోసం తెప్పించి ఉంచుతాను. పొద్దున్నే అయోధ్యా మైదానంలో ఇద్దరం పరుగెత్తి, ఆయాసం తీరకముందే నువ్వు పిన్ను లాగి చూద్దువుగాని. నీ ఫోను ఏ కంపెనీదో తిరుగు ఉత్తరంలో రాయి. అన్నయ్యగారికీ అత్తయ్యగారికీ నా నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ స్నేహితురాలు