ఆ ఊపిరి చప్పుడు విను

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మనం చూసిన 1929 నాటి హాలీవుడ్ సంగీత హాస్యచిత్రంలో కెమెరా కదలనే కదలదనీ, అందరూ ఒకేచోట గుమిగూడి మాట్లాడుతున్నారనీ అన్నావు. నిజమే. అలా ఎందుకు నిలబడ్డారో తెలిస్తే నీకూ వాటిమీద మమకారం కలుగుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సినిమాకు మాటలు వచ్చిన కొత్తలో, కెమెరా తిరిగే చప్పుడు మైకులో పడకుండా, కెమెరానూ దాన్ని నడిపే మనిషినీ కలిపి ఒక చిన్న గదిలో పెట్టి తలుపు బిగించేవారు. ఆయన అద్దంలోంచి చిత్రీకరించి, షాట్ ముగిసేసరికి చెమటతో తడిసి బయటపడేవాడు. మైకును పూలకుండీలో దాచేవారు కనుక నటులు దాని చుట్టూనే ఉండవలసి వచ్చేది. ముందే రికార్డు చేసిన పాటకు నటించే పద్ధతి ఇంకా స్థిరపడలేదు; సెట్టు పక్కనే వాద్యబృందం వాయిస్తుంటే నటి అక్కడికక్కడే పాడేది. ఈసారి చూసినప్పుడు, పల్లవికి తిరిగి వచ్చే ముందు ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు విను. నాకు ఆ చిత్రాలంటే ప్రాణం అందుకే.

అలాంటివి ఒకదాని వెంట ఒకటి వచ్చిపడటంతో 1930 చివరికల్లా ప్రేక్షకులకు మొహం మొత్తింది. పూర్తయిన చిత్రాల్లోంచి సైతం పాటలు కత్తిరించి విడుదల చేశారు. ఎన్నో నశించిపోయాయి. 1929లో జనం విరగబడి చూసిన 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్‌వే'కు ధ్వని వేరే గ్రామఫోన్ రికార్డుల మీద ఉండేది కనుక అది మిగిలింది, బొమ్మ మాత్రం చాలావరకు పోయింది. ఆ నవ్వులు వింటూ ముఖాలను ఊహించుకోవలసి రావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అయినా పట్టు వదలని వారున్నారు. 1932లో రూబెన్ మమూలియన్ తీసిన 'లవ్ మీ టునైట్'లో, పారిస్‌లో ఒక దర్జీ తన దుకాణంలో ఎత్తుకున్న పాటను బయటికి వెళ్తున్న ఖాతాదారు అందుకుంటాడు. అతని నుంచి టాక్సీ డ్రైవరుకు, అందులో ఎక్కిన సంగీతకారుడికి, రైల్లోని సైనికులకు, వాళ్ల కవాతు విన్న జిప్సీ వయొలిన్‌కు చేరి, చివరికి కోటలో ఒంటరిగా నిలబడ్డ రాకుమారి గొంతులో పలుకుతుంది. దర్జీ, రాకుమారి ఇంకా ఒకరినొకరు చూడనే లేదు.

నీవు వచ్చినప్పుడు ఆ దర్జీ దుకాణం నుంచే మొదలుపెడదాం.

ఇట్లు,
మీ నాన్న