కూలిన మద్దిమానును చెదలకే వదిలేయండి: అటవీ శాఖామాత్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖామాత్యుల వారి సముఖమునకు,

నల్లమల అంచున నివసించే ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. ఇదే విషయమై ఇదివరకే మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటికీ "పరిశీలనలో ఉన్నది" అన్న ఒకే జవాబు వచ్చింది. నా కాగితాలకు మీ కార్యాలయంలో చెద పట్టి ఉంటే నాకు కొంత ఊరటే. అవైనా తమ పని తాము చేశాయి.

మా వాగు ఒడ్డున రెండేళ్ళ కిందట గాలివానకు ఒక నల్లమద్ది కూలింది. మొదటి వేసవికే పెంకుపురుగుల పిల్లలు బెరడు కింద వంకర దారులు తొలిచాయి. కంతల నుంచి పిండిలా పొట్టు రాలేది. వానలకు ఆ కంతల్లోకి శిలీంధ్రం దిగింది, వెనుకే చెదలు మట్టి గూళ్ళు కట్టుకుంటూ ఎక్కాయి. వాటి కోసం ఎలుగుబంటి గోళ్ళతో చీల్చిన గుర్తులూ చూశాను. మొన్న మాఘంలో మీ సిబ్బంది అడవిని పెళ్ళివారి ముంగిలిలా శుభ్రం చేయాలని, ఇంకా చేవ మిగిలిన ఆ మానును ట్రాక్టరుకెత్తించారు. ఇటుక బట్టీలో దించానని తోలినవాడే చెప్పాడు. నేలలో కలవడానికి ఏళ్ళు పట్టే కర్బనం ఒక్క రాత్రిలో పొగైపోయింది.

పురుగులు తిన్నా అది గాలిలోకే పోతుంది కదా అని మీ అధికారి ఒకరు నన్ను నిలదీశారు. కొంత నిజమే. ఆరు ఖండాల్లోని 55 అడవుల్లో దుంగలను పరీక్షించి 2021లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం, ఎండుమానుల నుంచి ఏటా విడుదలయ్యే సుమారు 1,090 కోట్ల టన్నుల కర్బనంలో 29 శాతం పురుగుల వల్లనేనని లెక్కగట్టింది. అయితే అలా విడుదలైనదంతా గాలిలోకే పోదు, కొంత నేలకు చేరుతుంది. మన చెదలు కొరికిన చెక్కను పుట్టలోకి మోసి శిలీంధ్రపు తోట పెంచుతాయి. తొలకరికి మా పిల్లలు ఏరుకొచ్చే పుట్టగొడుగులు ఆ తోటవే. ఆ పేరు పెట్టిన పెద్దలకు తెలిసిన సంగతి అడవి నిర్వహణకు మీరు రాసుకునే వర్కింగ్ ప్లానుకు తెలియకపోవడం వింత.

భారత అటవీ సర్వే సంస్థ అడవి కర్బనాన్ని లెక్కించే ఐదు పద్దుల్లో ఎండుమాను ఒకటి. పద్దులో ఉన్న సరుకును మీరే బట్టీకి తోలిస్తే ఆ లెక్క ఎవరికి చూపడానికండీ?

చెంచులు పొయ్యికి ఏరుకునే పుల్లల మాట నేనెత్తడం లేదు. కూలిన పెద్ద మానులను కూలినచోటే ఉంచమని, దారికి అడ్డమైతే పక్కకు జరపమని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. వాగు ఒడ్డున మరో రెండు మానులకు సున్నంతో అంకెలు వేసి వెళ్ళారు. సోమవారం ట్రాక్టరు వస్తుందట.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు