గడ్డినేలల్లో మొక్కలు నాటొద్దు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్ కార్లన్నీ వికారాబాద్ దారి పడతాయి. అనంతగిరి అడవిలో నడక, కోట్‌పల్లి చెరువులో బోటు షికారు, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. అందరూ అడవినీ చెరువునూ ఫొటోలు తీసుకుంటారు గానీ, మధ్యలో వచ్చే ఎండుగడ్డిని పట్టించుకునేవారు తక్కువ. ఆ గడ్డిగింజలు సాక్సులకు అంటుకుంటే తిట్టుకోవడమే తప్ప! ఈ మధ్య మా జిల్లాలో అలాంటి ఒక గడ్డినేల మీదుగా నడుస్తుంటే వరసగా గోతులు, పక్కన ఎర్రమట్టి కుప్పలు కనిపించాయి. వచ్చే వానలకు మొక్కలు నాటుతారట.

చెట్లు పెంచితే తప్పేమిటని అడగొచ్చు. అక్కడైతే తప్పే. శీతాకాలంలో కజకిస్థాన్ వైపు నుంచి పిల్లిగద్దలు దక్కన్ గడ్డినేలలకు వస్తాయి. పగలంతా గడ్డికి ఆనీ ఆనకుండా ఎగురుతూ మిడతల్ని పట్టుకుంటాయి. పొద్దుగూకితే చెట్టెక్కవు, ఆ గడ్డిలోనే నేల మీద గుంపుగా పడుకుంటాయి. నేల మీద గూడు కట్టే భరతపక్షులకూ చెట్టు మేలు చేయదు. కాకులు దానిపై కాపుకాసి గుడ్లు ఎత్తుకుపోతాయి. గొర్రెల కాపర్ల మేత సంగతి సరేసరి. చెట్లు గాలిలోని కార్బన్‌ను పీల్చి దాచుకుంటాయి కదా అంటారా, గడ్డీ దాచుకుంటుంది. కాకపోతే దాన్ని ఎక్కువగా వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది. పైన మంట రేగినా అది చాలావరకు భద్రమే.

అసలు చిక్కు కాగితాల దగ్గరుంది. కేంద్ర భూవనరుల శాఖ మన హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)తో కలిసి వేసే బంజరు భూముల అట్లాస్‌లో తుప్పల నేలలు, పాడైన పచ్చిక బయళ్లు కూడా బంజర్ల లెక్కలోకే వస్తాయి. ఇక మొక్కల టార్గెట్‌కైనా, సోలార్ ప్యానెళ్లకైనా ముందు కంటపడేది అవే. నంద్యాల జిల్లా రోళ్లపాడును బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఇప్పుడక్కడ ఆ పక్షి కనిపించడమే గగనం. చుట్టూ ఉన్న పచ్చిక సాగు పొలాలుగా మారిపోయాక కంచె లోపలి ముక్క దానికి చాలలేదు.

అధికారులకు నా విన్నపం ఒకటే. తవ్విన గోతులు పూడ్పించండి. ఎక్కడైనా కొత్తగా తవ్వేముందు ఒక చలికాలం ఆ నేలలో పక్షుల లెక్క తీయించండి. పిలిస్తే బర్డ్ వాచర్లు సొంత ఖర్చులతో వస్తారు. కాపర్లనూ కూర్చోబెట్టి అడగండి, ఏ గడ్డి ఎప్పుడు లేస్తుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మొక్కలు నాటాల్సిందేనంటే మా తాండూరుకు రండి. వదిలేసిన నాపరాయి గనుల చుట్టూ కావలసినంత జాగా ఉంది.

– ఒక పాఠకుడు, తాండూరు