ఆ పిండి మాది కాదు

హైదరాబాద్ సుల్తాన్ బజార్ గల్లీలో మా టిఫిన్ సెంటర్‌కు వచ్చేవారందరికీ నమస్కారం. సోమవారం నుంచి ధరలు పెరుగుతున్నాయి. ఇడ్లీ ప్లేటు 35 నుంచి 40 రూపాయలు, సాదా దోశ 55 నుంచి 60. ఉప్మా, పూరీ, చాయ్ పాత ధరకే. గోడకు ఒక కాగితం అంటించి, ఎవరైనా అడిగితే గ్యాస్ బండ మీదకు నెట్టేసి ఊరుకోవచ్చు. కానీ ఈ ఐదు రూపాయలకూ గ్యాస్‌కూ సంబంధం లేదు. దీని వెనక నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచి మీ దగ్గర డబ్బు తీసుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు.

దీపావళి మొదలు సంక్రాంతి దాకా మీరు మా దగ్గర తిన్న ఇడ్లీల పిండి, దోశల పిండి మా వంటింట్లో రుబ్బింది కాదు. బయట కొన్నది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి మూడు బకెట్లు వెనక గుమ్మం దగ్గర దిగేవి. ముందు గుమ్మం మీద మాత్రం మా నాన్నగారు రాయించిన ‘ఇంట్లో రుబ్బిన పిండి’ అన్న బోర్డు అలాగే ఉండేది. దాన్ని తీయాలని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు. తోచలేదనడం కూడా నిజం కాదు, తోచింది.

ఎందుకు కొన్నానో చెబుతాను. మా పిండి రుబ్బే ఆయనను మీలో చాలామంది చూసి ఉండరు. మీరంతా వెళ్ళిపోయాక ఆయన పని మొదలవుతుంది. బరంపురం దగ్గర పల్లె ఆయనది. ఇంట్లో తెలుగు, ఊళ్ళో ఒడియా, మా గల్లీకి వచ్చాక హిందీ. పదకొండేళ్ళుగా మధ్యాహ్నం పప్పు నానబోయడం, రాత్రి తొమ్మిదికి గ్రైండర్ వేయడం. పప్పు నలిగేటప్పుడు ఐసు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తారు, వేడెక్కిన పిండి సరిగా పొంగదని. ఉప్పు చేత్తోనే కలుపుతారు, గరిటె పెట్టనివ్వరు. డిసెంబరు చలికి గిన్నెల చుట్టూ గోనెసంచులు చుడతారు. మే నెలలో అర్ధరాత్రి లేచి మూత తీసి చూస్తారు. తమిళులు ఉప్పుడు బియ్యం రుబ్బి కలుపుతారు, మనది ఒక పాలు మినపగుండ్లకు రెండు పాళ్ళు ఇడ్లీ రవ్వ. ఈ పద్ధతిలో భారమంతా పప్పు మీదే. పప్పు నురగలా రాలేదా, ఇడ్లీ అడుగున రవ్వ కూర్చుంటుంది.

దసరాకు ఆయన జీతం రెండు వేలు పెంచమన్నారు. “చూద్దాం” అన్నాను. మా వ్యాపారంలో చూద్దాం అంటే లేదని అర్థం. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. దీపావళికి ఊరు వెళ్ళారు, తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే ఒకసారి వరికోతలన్నారు, ఇంకోసారి కూతురి సంబంధాలన్నారు. నేనూ గట్టిగా అడగలేదు. అడిగితే రెండు వేల మాట మళ్ళీ వస్తుంది కదా.

ఇద్దరు కుర్రాళ్ళతో రుబ్బించి చూశాను. ఒకరోజు పిండి పొంగి నేల మీదకు పారింది, మరునాడు అసలు పొంగలేదు. మూడో రోజు బకెట్ల వాళ్ళకు ఫోన్ చేశాను. లెక్క వేసుకుంటే బాగానే ఉంది. ఒక జీతం మిగిలింది, కరెంటు మిగిలింది. ఆ రెండున్నర నెలలూ నాకు నష్టం రాలేదు, లాభమే వచ్చింది. ఇది కూడా మీకు తెలియాలి.

ఎవరూ కనిపెట్టరనుకున్నాను. ఈ గల్లీలో ఇన్నేళ్ళు ఉండి అలా ఎలా అనుకున్నానో! అటు గుజరాతీ గల్లీ, ఇటు బడీ చౌడీ కూరగాయలు. కొంచెం నడిస్తే మరాఠీ వారు పెట్టిన వివేకవర్ధిని విద్యాసంస్థ. 1901 నుంచి ఉన్న గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. పాత బ్రిటిష్ రెసిడెన్సీ ప్రాంగణంలో అమ్మాయిల విశ్వవిద్యాలయం, ఆ దగ్గరే ఉస్మానియా మెడికల్ కాలేజీ. వీళ్ళందరూ పొద్దున్నే వచ్చి ఒకే గిన్నెలోని పల్లీ చట్నీ వేయించుకుంటారు. మాటలో ఒకరికొకరు పొత్తు కుదరకపోయినా చట్నీలో ఉప్పు తగ్గితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

మొదటిరోజే పట్టుకున్నది ఆటో చాచా. సగం దోశ తిని ప్లేటు వైపు చూస్తూ, “బేటీ, యే అప్నా దోశా నై హై” అన్నారు, ఇది మన దోశ కాదని. రాయి మార్చాం చాచా, అందుకే అలా ఉందన్నాను. చాచా నా మొహం వైపు ఒకసారి చూసి మిగతా సగం తిని, డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. ఆ అబద్ధానికి ఈ కాగితం మీద క్షమాపణ చెబుతున్నాను, రేపు ఎదురుగా కూడా చెబుతాను.

చీరల దుకాణం సేఠ్‌గారు ఏమీ అనలేదు. రోజూ వచ్చేవారు వారానికి ఒకసారి రావడం మొదలుపెట్టారు. వారు జైనులు. వారి కోసం ఉల్లి, వెల్లుల్లి లేని సాంబారు చిన్న గిన్నెలో విడిగా కాస్తాం. పెసరట్టులో పచ్చి అల్లం కూడా తినరు, భూమిలో పెరిగే దుంప అని. శొంఠి అయితే అభ్యంతరం లేదు, అందుకే డబ్బాలో శొంఠి పొడి ఎప్పుడూ ఉంటుంది. అంత చూసుకుంటున్నామని గర్వపడే నాకు, ఆయన ఖాళీ కుర్చీ చెప్పిన మాట వినపడడానికి నెల పట్టింది.

మరాఠీ పంతులుగారి పద్ధతి ఇంకోలా ఉంటుంది. పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయింది, నోట చెడుమాట రాదు. ఆయన ఉన్నట్టుండి రోజూ ఉప్మా అడగడం మొదలుపెట్టారు. “మీ ఉప్మా ఈమధ్య అద్భుతం” అని మెచ్చుకోలు కూడా. ఉప్మాను పనిగట్టుకుని అద్భుతమన్నారంటే మిగతా వంటకు పాడె కట్టినట్టేనని నేను గ్రహించాల్సింది.

మెడికల్ కాలేజీ పిల్లలు మాత్రం ఏమీ గమనించలేదు. పరీక్షల రోజుల్లో వాళ్ళకు ఏది పెట్టినా ఒకటే. రేపు నాలుక చూసి జబ్బు చెప్పబోయేది వీళ్ళే.

చివరికి నన్ను కదిలించింది వీళ్ళెవరూ కాదు, పేరు కూడా తెలియని ఒక పెద్దావిడ. సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రికి ఊళ్ళ నుంచి వచ్చేవారు పొద్దున్నే మా దగ్గర ఇడ్లీ పార్సిల్ కట్టించుకుంటారు. కాన్పయిన కూతురికి పెట్టడానికి తల్లి, కోడలికి పెట్టడానికి అత్త. మా నాన్నగారు 1987లో ఈ కొట్టు పెట్టినప్పుడు మొదటి బేరం కూడా అలాంటిదేనట. జనవరి మొదటి వారంలో ఆ పెద్దావిడ పొట్లం కట్టించుకుని వెళ్ళి, పావుగంటకు తిరిగి వచ్చారు. గొడవ చేయలేదు. “పులిసిపోయింది బిడ్డా. బాలింతకు పెట్టలేను. రాత్రంతా నొప్పులు పడింది పిల్ల” అని పొట్లం బల్ల మీద పెట్టారు. డబ్బు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు, బన్ను ఉంటే ఇమ్మన్నారు. మా దగ్గర బన్ను లేదు. పక్క కొట్లో కొనుక్కుని వెళ్ళారు.

ఆ పొట్లం విప్పి నేను తిన్నాను. నిజంగానే పులిసింది. నాలుగింటికి దిగిన పిండి ఎప్పుడు రుబ్బిందో, ఎన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉండి వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోలేదు. రెండు నెలలకు పైగా నా చేతి వంట నేనే తినడం లేదని అప్పుడు తట్టింది. ఇంటి నుంచి అన్నం కట్టుకుని తెచ్చుకుంటున్నాను.

అదే రోజు బరంపురం ఫోన్ చేశాను. రెండు వేలు కాదు, మూడు వేలు పెంచుతానన్నాను. ఆయన డబ్బు సంగతి ఎత్తకుండా, “రాయికి గంట్లు కొట్టించారా అమ్మా?” అని అడిగారు. లేదన్నాను. నున్నబడిన రాయి మీద పప్పు నలగదు, వేడెక్కుతుంది, అది కొట్టించాకే వస్తానన్నారు. ఈ మధ్య గంట్లు కొట్టేవారు దొరకడమే కష్టం. వారం తిరిగితే ఒకాయన దొరికారు. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున మా పిండి మళ్ళీ మా గిన్నెల్లో పొంగింది. పెంచిన ఐదు రూపాయలు ఆయన జీతానికి, రాత్రి తోడుకు పెట్టిన కుర్రాడికి. ఈసారి ఆయన ఊరు వెళితే పని ఆగకూడదు, ఆయన సెలవు ఆయనకు దక్కాలి.

ఇంకొక మార్పు. బోర్డు మీద ముప్ఫై నాలుగు రకాలుండేవి, పద్నాలుగుకు తగ్గించాం. చీజ్ దోశలు, నూడుల్స్ దోశ తీసేశాం. 2020 ఫిబ్రవరి 7న సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో ప్రారంభమైందని సంబరపడి, కొత్త బల్లలు కొని, ఆ రకాలన్నీ అప్పుడే కలిపాను. నెలన్నర తిరగకుండా లాక్‌డౌన్ వచ్చింది. బల్లలు అమ్మేశాం కానీ బోర్డు మీద పేర్లు మాత్రం మిగిలిపోయాయి. నూడుల్స్ దోశ కోసం వచ్చేవారు నలుగురు, వారికి బాధ కలుగుతుందని తెలుసు.

శుక్రవారం ఖిచిడీ, ఖట్టా మాత్రం ఎక్కడికీ పోదు. నువ్వులు, చింతపండుతో చేసే ఆ ఖట్టా చాచా ఇంటి నుంచి వచ్చిన విద్య. మాది శాకాహార వంటిల్లు కాబట్టి పక్కన ఖీమా ఉండదు. “ఖీమా లేని ఖిచిడీ దూల్హా లేని బారాత్”, పెళ్ళికొడుకు లేని ఊరేగింపు అని చాచా ప్రతి శుక్రవారం దెప్పుతారు, రెండు ప్లేట్లు తింటారు. ఏకాదశికి పంతులుగారి కోసం, ఉపవాసం ఉండే మిగతా మరాఠీ ఇళ్ళ కోసం సగ్గుబియ్యం ఖిచిడీ చేస్తాం. గత ఏడాది ఒక ఏకాదశి శుక్రవారం నాడే పడింది. కౌంటర్‌లో కొత్త కుర్రాడు. చాచా ప్లేటులో సగ్గుబియ్యం మీద ఖట్టా, పంతులుగారి ప్లేటులో ఉపవాసం రోజున పప్పూ బియ్యం! ఇద్దరూ ప్లేట్లు మార్చుకున్నారు, కానీ చాచా అప్పటికే ఒక ముద్ద తినేశారు. సగ్గుబియ్యం మీద ఖట్టా బాగుందని ఆయన అన్న మాట పంతులుగారు ఇంకా క్షమించలేదు. ఇకమీదట అలాంటి రోజు వస్తే రెండు గిన్నెల మీదా పేర్లు రాసి పెడతాం.

ఆసుపత్రి పార్సిళ్ళకు పాత ధరే, 35. చీటీ చూపించమని అడగం. అబద్ధం చెప్పి ఐదు రూపాయలు మిగుల్చుకునేవారుంటే మిగుల్చుకోండి, ఆ విషయంలో ఒకరిని అనే అర్హత నాకు ఈ ఏడాది లేదు. దీపావళికీ సంక్రాంతికీ మధ్య తిన్నది బాగాలేదనిపించినవారు వచ్చి చెప్పండి, ఒక ప్లేటు ఇడ్లీ మా ఖర్చు. బిల్లు అక్కర్లేదు. సేఠ్‌గారికి మనిషితో కబురు పంపాను. వస్తానన్నారు, ఎప్పుడో చెప్పలేదు.

మొదటి వాయి ఆరుంబావుకు దిగుతుంది. చలి ఎక్కువగా ఉండి పిండి పొంగడం ఆలస్యమైతే ఏడవుతుంది. ఆరోజు బయట నుంచి తెప్పించం, గుమ్మం దగ్గర పలక మీద ‘ఇడ్లీ ఏడు గంటలకు’ అని రాసి పెడతాను. ఇడ్లీ కాదు, ఇడ్డెన అనాలని భాషానిలయం నుంచి వచ్చే మాస్టారు ఎప్పటిలాగే సుద్దముక్కతో దిద్దుతారు. రెండూ ఒకటేనని కొత్తవారు గమనించగలరు.