మాజీ క్రీడాకారులకు శిక్షణలోనూ శిక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆటకు వీడ్కోలు పలికిన వృత్తి క్రీడాకారులు వ్యాయామ శిక్షకులుగా మారుతున్న తీరును మెచ్చుకుంటూ పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. తొమ్మిదేళ్లు పరుగుపందేలే జీవనోపాధిగా బతికి, మోకాలి శస్త్రచికిత్స తరువాత ఈ పనిలోకి వచ్చినవాడిగా, ఆ వ్యాసాల్లో కనిపించని ఒక సంగతిని చెప్పదలిచాను.

పందెంలో గెలిపించే నైపుణ్యం చాలావరకు ఆటగాడికే తెలియకుండా అతని ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. అందువల్ల తాను అలవోకగా చేసేదాన్ని మరొకరికి చెప్పవలసి వచ్చినప్పుడు మాట దొరకదు, లేదా మాటలు మరీ ఎక్కువైపోతాయి. నా తొలి తరగతిలో యాభై దాటిన ఒకరికి స్క్వాట్ (మోకాళ్లు వంచి కూర్చోబోయి లేచే వ్యాయామం) నేర్పబోయి, ‘తుంటి వెనక్కి, మోకాళ్లు బయటికి, వెన్ను నిటారుగా’ అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడిపోయారు. వెనక ఒక కుర్చీ వేసి, ‘కూర్చోబోతున్నట్టు వంగి, అంచు తగలగానే లేవండి’ అనేసరికి అదే కదలిక చక్కగా వచ్చింది. అవయవాల మీద కన్నా కదలిక ఫలితం మీద దృష్టి పెట్టిస్తే నేర్చుకోవడం సులువవుతుందని గాబ్రియేల్ వుల్ఫ్ వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి చూపుతూ వచ్చారు. అది నాకు తెలిసింది శిక్షక కోర్సులో చేరాకే, ట్రాక్ మీద కాదు.

అంతకన్నా ప్రమాదకరమైనది మోతాదు. నొప్పిని దిగమింగడమే గొప్పగా పెరిగిన మాకు, ఎదుటివారు ‘చాలు’ అంటే సోమరితనంగా తోస్తుంది. కండరం త్వరగానే బలపడినా, దాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనం గట్టిపడటానికి ఎక్కువ కాలం పడుతుంది కనుక, ఉత్సాహం మీదున్న కొత్తవారికి గాయాలవుతాయి. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 దాటినవారికి శరీరం తూలకుండా నిలదొక్కుకునే సాధన కూడా చేర్చింది. పోటీలకు సిద్ధమయ్యే రోజుల్లో నాకు ఇదంతా పిల్లల లెక్కలా అనిపించేది.

ఆటగాళ్లు ఈ పనికి పనికిరారని నా ఉద్దేశం కాదు. గాయపడి, నడక మళ్లీ నేర్చుకున్నవారి ఓర్పు ఇక్కడ పెద్ద ఆస్తి. పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతిని రూపొందించిన, 1883లో జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ కూడా ముష్టియోధుడిగా ఉన్నవారే. చిన్ననాటి ఉబ్బసంతోనూ, మొదటి ప్రపంచ యుద్ధకాలపు నిర్బంధ శిబిరంలో తోటివారికి నేర్పిన అనుభవంతోనూ ఆయన పద్ధతి రూపుదిద్దుకుంది. ముష్టియుద్ధపు బరిలోని గెలుపోటములతో కాదు.

కాబట్టి వ్యాయామశాలలు మాజీ క్రీడాకారులను చేర్చుకునేటప్పుడు గోడమీది ఫొటోలతో తృప్తిపడకుండా, అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో కొన్ని నెలలు పనిచేయించాలని, క్రీడా సంఘాలు ఆటగాడి చివరి సీజన్లలోనే శిక్షక కోర్సుకు వీలు కల్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ పరుగుపందెగాడు, వ్యాయామ శిక్షకుడు