రికార్డు పుస్తకంలో బుడగలు లేవవు

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి సైన్స్ రికార్డులో హైడ్రిల్లా ప్రయోగం ఉంటుంది: ఈ నీటి మొక్క వెలుగులో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ బుడగలు వదలడం చూడాలి. "బుడగలు చూశావా?" అని మా అమ్మాయిని అడిగితే "గీశాను కదా నాన్నా" అంది.

ఆ ఆదివారం ఊరి చెరువు నుంచి గుప్పెడు హైడ్రిల్లా తెచ్చాం. గాజు గ్లాసు నిండా నీళ్లు, కోసిన కొస పైకి ఉండేలా చిన్న రాయి కట్టిన కొమ్మ, పక్కన టేబుల్ ల్యాంపు. నేను ఎలక్ట్రీషియన్ని. పాత ఫిలమెంట్ బల్బు పెడితే నీళ్లు వేడెక్కి లెక్క తప్పుతుందని ఎల్ఈడీ బిగించాను. దీపం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నిమిషానికి 7 బుడగలు. 20కి జరిపితే 26. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు, లెక్క దాదాపు కుదిరింది. 10కి జరిపితే వంద దాటాలి కదా, 41 దగ్గరే ఆగిపోయింది. ఎక్కడ తప్పు చేశామోనని దానికి ఒకటే టెన్షన్. నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపాం. కాసేపటికి 60 దాటాయి! మొక్కకు కరువైంది వెలుగు కాదు, వంటసోడా అందించిన కార్బన్ డయాక్సైడ్. అది కాగితం మీద ఐదు మార్కులకు రాసిన జవాబే, కానీ అప్పుడే అర్థమైంది దానికి.

మొత్తం ఖర్చు ఒక వంటసోడా ప్యాకెట్. బడిలో ప్రయోగశాల గది ఉంది, దానికి తాళమూ ఉంది. తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారులు రికార్డులో ఏదో ఒక పేజీ తిప్పి, "ఇది చేసి చూపించు" అని ఒక్క విద్యార్థినైనా అడగాలని మనవి.

– ఒక తండ్రి, సిద్దిపేట జిల్లా